గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచే అబ్బాయికి ఏ బ్రాంచి తగినది?

ప్రశ్న: మాది అనంతపురం. మా చిన్నవాడు ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న వాళ్ళన్న ఆరేళ్ళు వాడిన గేమింగ్ ల్యాప్‌టాప్ వీడికి ఇచ్చాడు. దాని గ్రాఫిక్స్ కార్డును ఓవర్‌క్లాక్ చేస్తున్నానని, మార్పులు చేసిన డ్రైవర్లు ఎక్కిస్తున్నానని రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటున్నాడు. మే నెలలో అది రెండుసార్లు దానంతట అదే ఆగిపోయింది. ఈ ధ్యాస మాన్పించాలా? కౌన్సెలింగ్‌లో ఏ బ్రాంచి పెట్టించాలి?

జవాబు: అమ్మా, మాన్పించవద్దు. మీరు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు అతడు రాత్రిళ్ళు చేస్తున్న పనిలోనే ఉంది. ఓవర్‌క్లాకింగ్, డ్రైవర్లు మార్చడం బయటికి ఒకే సరదాగా కనిపించినా, అవి రెండు వేరువేరు విద్యలకు చెందిన పనులు. వాటిలో అతడి మనసు దేనివైపు మొగ్గుతున్నదో తేల్చుకుంటే బ్రాంచి సంగతి తేలుతుంది.

మొదట ఓవర్‌క్లాకింగ్ గురించి చెబుతాను. గ్రాఫిక్స్ కార్డు అంటే ఆటల బొమ్మలను తెర మీదికి తెచ్చే భాగం, దాని గుండె ఒక చిప్పు. తయారీదారు నిర్ణయించిన వేగం కంటే చిప్పును ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్. చిప్పు పని చేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు దాని వేగాన్ని బట్టి, వోల్టేజిని వోల్టేజితోనే గుణిస్తే వచ్చే వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగాన్ని, వోల్టేజిని చెరొక 10 శాతం పెంచితే ఖర్చు సుమారు 33 శాతం పెరుగుతుంది, అదంతా వేడిగా మారుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్పు రెండూ ఒకే రాగి గొట్టాల ద్వారా వేడిని బయటికి పంపుతాయి కనుక ఒకదాని వేడి రెండోదాన్ని కూడా బాధిస్తుంది. పైగా చిప్పు వేడి ఎప్పుడూ గది వేడి మీద లెక్క. 25 డిగ్రీల ఏసీ గదిలో 80 డిగ్రీల దగ్గర నిలిచే చిప్పు, మన ఊరి మే నెలలో 40 డిగ్రీల గదిలో అదే పని చేస్తే 95 దాకా పోవచ్చు. అంత వేడిలో చిప్పు ముందుగా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అది కూడా చాలకపోతే యంత్రం ఆగిపోతుంది. మీ ఇంట్లో జరిగింది ఇదే కావచ్చు. చల్లని గదుల్లో కూర్చున్నవారు చెప్పిన అంకెలను అతడు అనంతపురం ఎండాకాలంలో యథాతథంగా పెట్టి ఉంటాడు. ఈ లెక్కను అతడు మీకు కాగితం మీద వేసి చూపగలిగితే, అతడు ఆడుకుంటున్నాడని కాక చదువుకుంటున్నాడని అనుకోండి.

డ్రైవర్ల విషయం వేరు. ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పేది కార్డుకు అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామే డ్రైవర్. పాత ల్యాప్‌టాప్‌లకు కంపెనీలు కొత్త డ్రైవర్లు ఇవ్వడం మానేసినప్పుడు, కొందరు చిప్పు తయారీదారు ఇచ్చిన డ్రైవర్ తీసుకుని, ఆ డ్రైవర్ ఏయే కార్డులకు పనికొస్తుందో రాసి ఉండే ఐఎన్ఎఫ్ ఫైలులో తమ కార్డు గుర్తింపు సంఖ్యను చేర్చి ఎక్కిస్తారు. అలా ఒక్క అక్షరం మార్చినా దాన్ని ఎవరూ మార్చలేదని చాటే డిజిటల్ సంతకం చెల్లదు, 64 బిట్ విండోస్ దాన్ని తిరస్కరిస్తుంది, ఎక్కించాలంటే ఆ తనిఖీని ఆపివేయవలసి వస్తుంది. నా అభ్యంతరం ఇక్కడే. డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో పనిచేస్తుంది, దానికి అందని సమాచారం యంత్రంలో దాదాపు ఉండదు. మీ అబ్బాయి తానే ఫైలు తెరిచి మార్చుకుంటే అది విద్య. ముక్కూమొహం తెలియనివారు సిద్ధం చేసిన డ్రైవర్‌ను దించుకుని, అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు ఖాతా కూడా తెరిస్తే అది ప్రమాదం. ఈ ప్రయోగాలకు వేరే డిస్కు పెట్టించండి, ఇంటి లావాదేవీలేవీ ఆ యంత్రంలో చేయకండి. గ్రాఫిక్స్ కార్డు బయాస్‌ను, అంటే కార్డులోనే నిలిచి ఉండి దాన్ని మొదలుపెట్టే ప్రోగ్రామును, మార్చడం మాత్రం ఇప్పుడు పూర్తిగా వద్దని చెప్పండి, అందులో పొరపాటు జరిగితే తెర మీద బొమ్మే రాకుండా పోవచ్చు.

2015 ఫిబ్రవరిలో గ్రాఫిక్స్ చిప్పుల సంస్థ ఎన్‌విడియా ల్యాప్‌టాప్ కార్డుల ఓవర్‌క్లాకింగ్‌ను డ్రైవర్ ద్వారానే అడ్డుకుంది, వాడకందారులు గట్టిగా అభ్యంతరం చెప్పాక వెనక్కి తగ్గింది. ఆ హద్దు చిప్పులో లేదు, ఎవరో ఇంజినీరు రాసిన ప్రోగ్రాములో ఉంది. అటువంటి హద్దులు రాసే పని, వాటి కింద ఉన్న చిప్పును గీసే పని, ఈ రెండూ మీ అబ్బాయికి నిజమైన ఉద్యోగాలు కాగలవు.

వేడి, వోల్టేజి, వేగం లెక్కల్లో అతడికి ఆనందం ఉంటే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) పెట్టించండి, తరువాత చిప్పులు గీసే విద్య అయిన వీఎల్ఎస్ఐ వైపు వెళ్ళవచ్చు. ఫైలు తెరిచి ఏ వరుస ఎందుకుందో వెతకడంలో ఆనందం ఉంటే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మంచిది, కాని ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, సి భాష అతడు ప్రాణంగా చదవాలి. 1946లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల మీ ఊళ్ళోనే ఉంది, ఈఏపీసెట్ ర్యాంకు అందితే రెండు బ్రాంచీలూ అక్కడ ఉన్నాయి. కర్నూలులోని ట్రిపుల్ ఐటీ డీఎం సీటు మాత్రం జేఈఈ మెయిన్ ర్యాంకుతో వస్తుంది. ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్ వంటి సంస్థల కేంద్రాలు బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నాయి. చిప్పు డిజైన్‌లో లోతైన పనులకు ఎంటెక్ ప్రవేశ పరీక్ష అయిన గేట్ రాసి ఎంటెక్ చేసినవారికి దారి సులువవుతుంది. బీటెక్ తరువాత కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ నిర్వహించే వీఎల్ఎస్ఐ డిప్లొమా కూడా ఉంది.

ఓవర్‌క్లాకింగ్ వచ్చని ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఈ మాట అతడితో సూటిగా చెప్పండి. దాన్ని కొలిచి, రాసి, కారణం చెప్పగలిగినవాడికి ఇంటర్వ్యూలో గౌరవం దొరుకుతుంది. అందుకే ఒక నోటుపుస్తకం కొనివ్వండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి గది వేడి, చిప్పు వేడి, వేగం, ఆట ఎంత సాఫీగా నడిచిందీ రాయమనండి. వోల్టేజి తగ్గించి అదే వేగం నిలబెట్టగలడేమో చూడమనండి, ల్యాప్‌టాప్‌లో పెంచడం కంటే అది కష్టమైనది, ఎక్కువ నేర్పేది కూడా. ఇక డ్రైవర్ల వైపు, ఏఎండీ కార్డులకు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడే డ్రైవర్ కోడ్ ఎవరైనా చదవవచ్చు. ఎన్‌విడియా కూడా 2022 మేలో తన లైనక్స్ కెర్నల్ మాడ్యూళ్ళ, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో నడిచే డ్రైవర్ భాగాల, కోడ్‌ను బయటపెట్టింది. అందులో ఒక్క ఫైలు అర్థం చేసుకోవడానికి నెల పట్టినా తొందరపెట్టకండి, అర్థమైనది అదే నోటుపుస్తకంలో రాయమనండి.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందురోజు ఆ పుస్తకం తీసుకుని మీరిద్దరూ కూర్చోండి. ఏ పేజీలు నిండాయో, ఏవి ఖాళీగా మిగిలాయో చూస్తే ఈసీఈ ముందు పెట్టాలో సీఎస్ఈ ముందు పెట్టాలో మీకే తెలుస్తుంది. ఈలోగా ఆ ల్యాప్‌టాప్ ఫ్యాన్లలో దుమ్ము తీయించి, చిప్పు వేడిని రాగి గొట్టాలకు అందించే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే మార్పించండి. రాత్రి పదకొండు దాటాక దాన్ని మీ గదిలో పెట్టుకోండి.