అద్దం ఎక్కకపోతే మోటరే పోయిందని ఎవరన్నారు?

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాను. చెన్నై వచ్చి మూడు నెలలే అయింది, కారు ఎడమ తలుపు కిటికీ అద్దం సగంలో ఆగిపోయింది, గ్యారేజీ వాడు మోటరు సెట్టు మొత్తం మార్చాలి, ఎనిమిది వేలు అన్నాడు, ఇచ్చేయనా అని అడిగావు. ఇల్లు, పిల్లాడి స్కూలు, తమిళం ఎలా నేర్చుకోవాలి అని ఇంకా ఏవేవో అడిగావు గానీ, అవి వాటంతట అవే సర్దుకుంటాయి. ముందు ఆ ఎనిమిది వేలు జేబులోంచి తియ్యకు.

నేను 2011లో విజయవాడ నుంచి వచ్చాను. వేళచ్చేరిలో అద్దె ఇల్లు, కొన్ని నెలల అద్దె ఒక్కసారే అడ్వాన్సుగా కట్టి చేతులు దులుపుకున్న రోజులు. నవంబరు, ఇక్కడ అసలు వానలు కుమ్మేసే నెల. సరిగ్గా అప్పుడే ముందు ఎడమ అద్దం దిగి కూర్చుంది, ఎక్కనంటోంది. ఇంటి దగ్గర షెడ్డుకి తీసుకెళ్తే అతను తలుపు విప్పలేదు, స్విచ్ ఒక్కసారి నొక్కి "మోటర్ పోచ్చు సార్" అన్నాడు. ఆరున్నర వేలు. నాకు అప్పటికి తమిళం రాదు, బేరం ఎలా ఆడాలో తెలీదు, పైగా ఆకాశం నల్లబడుతోంది. ఇచ్చేశాను. పాత మోటరు ఏదీ అని కూడా అడగలేదు చూడు, అదీ నా తెలివి.

రెండు నెలలకి అదే అద్దం, అదే రోగం. ఈసారి ఎవరో చెబితే పుదుపేట వెళ్లాను. ఎగ్మూరు దగ్గర, పాత స్పేర్‌పార్ట్‌ల వీధులు. అక్కడ ఒక పెద్దాయన నన్ను స్విచ్ నొక్కి పట్టుకోమని, తలుపుని మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. సగం తెరిచేసరికి అద్దం జర్రున పైకి లేచింది! తలుపుకీ బాడీకీ మధ్య, కీళ్ల దగ్గర నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది, వైర్లన్నీ అందులోంచే తలుపులోకి వెళ్తాయి. తలుపు తీసి వేసినప్పుడల్లా మెలి తిరిగి తిరిగి లోపల ఒక వైరు తెగింది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తోంది. కొత్త మోటరు వేసినప్పుడు ఆ తెగిన వైరు కదిలి కొన్నాళ్లు అతుక్కుని ఉండి ఉంటుంది. ఆయన కొత్త ముక్క వేసి, సోల్డరింగ్ చేసి, టేపు చుట్టి మూడు వందలు తీసుకున్నాడు. ఆరున్నర వేలెక్కడ, మూడు వందలెక్కడ! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని నువ్వు ముందు చెవి పెట్టి విను. ఇంజను స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం ఆన్‌లో ఉంచి స్విచ్ నొక్కు. లోపల మోటరు గుయ్యిమంటోంది, అద్దం కదలడం లేదంటే మోటరు బాగానే ఉన్నట్టు, లోపల అద్దాన్ని ఎత్తే ఏర్పాటులో తీగో, ప్లాస్టిక్ చక్రమో విరిగింది; ఆ ఏర్పాటుని రెగ్యులేటరు అంటారు. చప్పుడు లేదు గానీ డాష్‌బోర్డు లైట్లు కాస్త మసకబారుతున్నాయంటే కరెంటు అందుతోంది, అద్దం బిగుసుకుంది లేదా మోటరు తిరగలేకపోతోంది. చప్పుడూ లేదు, మసకా లేదు అంటే స్విచ్చో, వైరో, లేదా మోటరు లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలో, అంటే బ్రష్‌లు, పోయినట్టు. అప్పుడు స్విచ్ నొక్కి ఉంచి తలుపు లోపలి వైపు అరచేత్తో గట్టిగా ఒకటి చరచు, కదిలిందంటే బ్రష్‌లు అరిగాయని అనుమానించు. నాలుగు అద్దాలూ ఒక్కసారే చచ్చిపోతే మోటరు మాట ఎత్తిన వాడి దగ్గర నిలబడకు, ఫ్యూజు చూడు. అదే పనిగా నొక్కకు కూడా, చాలా మోటర్లు వేడెక్కితే కాసేపు వాటంతట అవే ఆగిపోతాయి.

నవ్వకు గానీ, ఒకసారి వెనక స్విచ్‌లు రెండూ పని చెయ్యక షెడ్డుకి వెళ్లాను. డ్రైవరు తలుపు మీద పిల్లల కోసం ఉండే లాక్ బటన్ మా వాడు నొక్కేశాడు. దానికీ రెండు వందలు వదిలించుకున్నాను.

అద్దం బరువుగా, నిదానంగా ఎక్కుతుంటే అంచున రబ్బరు గాడి దుమ్ముతో గట్టిపడిందని అర్థం. గుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టు. నేను కొబ్బరినూనె రాశాను, ఉన్న దుమ్మంతా వచ్చి అంటుకుంది.

తలుపు విప్పిస్తే పక్కనే నిలబడు. లోపల ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది, చెత్తలా కనిపిస్తుంది, చాలామంది చింపి పారేస్తారు. వాన నీళ్లు తలుపులోకి దిగి అడుగు కన్నాల్లోంచి బయటికి పోతాయి, ఆ షీటు లేకపోతే కాళ్ల దగ్గర కార్పెట్‌లోకి వస్తాయి. నాది చింపేశారు, కార్పెట్ కుళ్లి వాసన, దానికి ఇంకో పన్నెండు వందలు.



ఈ రాత్రికి అద్దాన్ని రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టి పైకి లాగు, ఇంకొకరు స్విచ్ నొక్కుతూ ఉండాలి, చాలాసార్లు ఎక్కుతుంది. ఎక్కకపోతే పాలిథీన్ కవరు, టేపు. రేపు ఆ గ్యారేజీ వాడితో "పాత మోటరు నాకే ఇవ్వాలి" అని చెప్పు చాలు, ఎంతకు దిగాడో నాకు రాయి.