మీ అబ్బాయికి జబ్బేం లేదమ్మా

ప్రశ్న: డాక్టరుగారూ, మాది నెల్లూరు. పాతికేళ్లుగా చెన్నై విల్లివాక్కంలో ఉంటున్నాం. అబ్బాయికి 26 ఏళ్లు, ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉగాది ముందురోజు సంబంధాల మాట ఎత్తితే, వంటింట్లో నా పక్కన కూర్చుని వేపపువ్వు కాడలు తీస్తూ "అమ్మా, నేను గే. ఏ అమ్మాయినీ పెళ్లి చేసుకోలేను" అన్నాడు. ఆయనకింకా తెలియదు. మా ఆడపడుచుకి చెబితే, అది ప్రకృతి విరుద్ధమని, డాక్టరుకి చూపించి పెళ్లి చేస్తే సర్దుకుంటుందని అంటోంది. నిద్ర పట్టడం లేదు. నా పెంపకంలో ఏం లోపం జరిగింది?
– ఒక తల్లి, చెన్నై

జవాబు: అమ్మా, నెల్లూరంటున్నారు కాబట్టి గొర్రెలతోనే మొదలుపెడతాను. మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా తాత మందలో ఒక పొట్టేలు ఉండేది. మంచి బలమైనది, కానీ ఆడగొర్రెల జోలికే పోదు, తోటి పొట్టేళ్ల వెంటే తిరిగేది. తాత దాన్ని ఏమీ అనలేదు. "దాని తీరంతే" అనేవాడు. నేను డాక్టరునయ్యాక చాలా ఏళ్లకు అమెరికాలో గొర్రెల మీద జరిగిన పరిశోధనలు చదివాను. పొట్టేళ్లలో నూటికి దాదాపు 8 సాటి మగవాటినే కోరుకుంటాయట. నల్లహంసలు, పెంగ్విన్లు, డాల్ఫిన్లు, ఇలా వందల జాతుల్లో చూశారు. జంతువులు చేసేదంతా మనకు ఆదర్శమని కాదు. ప్రకృతిలో లేదన్న మాట మాత్రం నిజం కాదు.

'ప్రకృతి విరుద్ధం' అన్న మాటకు మన దేశంలో ఇంత బరువు తెచ్చింది, ఇలాంటి కలయికను ఆ పేరుతోనే నేరమన్న 377 సెక్షన్. అది ఇంగ్లీషువాళ్లు 1860లో చేసిన శిక్షాస్మృతిలోది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. పెంపకం వల్ల ఇలా అవుతారనడానికి ఆధారం లేదు. ఆ బరువు దించేసుకోండి.

మార్చేస్తామనే డాక్టర్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. 2021లో మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్, తనకు ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర స్వయంగా కూర్చుని తెలుసుకున్నారు. ఆ తర్వాతే అలాంటి వైద్యం చేయకూడదని ఆదేశించారు. మరుసటి ఏడాది జాతీయ మెడికల్ కమిషన్ కూడా దాన్ని వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది.

ఇక పెళ్లి. పెళ్లయిన మూడేళ్లకు నా దగ్గరకొచ్చిన ఒకమ్మాయి నాకింకా కళ్లముందే ఉంది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ "నాలో ఏం తక్కువ డాక్టర్?" అని అరగంటలో నాలుగుసార్లు అడిగింది. ఆమెలో ఏ లోపమూ లేదు. గే అయిన ఆమె భర్తలోనూ లేదు. సర్దుకుంటుందని పెళ్లి చేసిన పెద్దవాళ్లు ఆ సమయానికి బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మరో ఇంటి పిల్లకు ఆ గతి పట్టించకండమ్మా.

ఒక్కమాట చెప్పక తప్పదు. ఆడపడుచుకు చెప్పేముందు అబ్బాయిని అడగాల్సింది. ఎన్ని నెలలు లోపల కుమిలితే ఆ రోజు మీకు చెప్పగలిగాడో! ఆవిడకు చెప్పేశానని మీరే ఒప్పుకోండి, వేరేవాళ్ల నోట వినకముందే. మీకు మాట్లాడే తోడు కావాలంటే, చెన్నైలోని 'ఓరినం' బృందం ఇలాంటి పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో ఏళ్లుగా పనిచేస్తోంది. ఈ రాత్రి వాడికి అన్నం వడ్డించి పక్కన కూర్చోండి. "నాన్నకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా, కొన్నాళ్లు ఆగుదామా?" అని అడగండి. వాడెలా అంటే అలాగే చేయండి.