కూలెంట్ నింపాక టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ముందు ఎయిర్ లాక్ తీయండి

రేడియేటర్ పైపు మార్పించి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) నింపించిన దగ్గర్నుంచి ట్రాఫిక్‌లో ముల్లు పైకి పోతోందనీ, మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) మార్చాలంటున్నాడనీ రాశారు. దానికి డబ్బు పెట్టే ముందు చిన్న పరీక్ష చేయండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపేసి, హీటర్ నాబ్‌ను పూర్తిగా ఎరుపు వైపు తిప్పండి. ముల్లు సగం దాటినా బ్లోయర్ నుంచి వేడి రాకపోతే, డ్యాష్‌బోర్డ్ వెనక గుడగుడ శబ్దం వినిపిస్తుంటే, ముందు అనుమానించాల్సింది ఎయిర్ లాక్‌నే, అంటే కూలెంట్ దారిలో చిక్కుకున్న గాలినే.

మా పాత పెట్రోల్ కారుకు వాటర్ పంప్ మార్పించినప్పుడు ఇవే లక్షణాలు. మా హైదరాబాద్‌లో కారు హీటర్ వేసేవాళ్లు అరుదు, అందుకే కూలెంట్ పోసేటప్పుడు దాని సంగతి ఎవరికీ గుర్తు రాదు. కానీ హీటర్‌కూ లోపల ఒక చిన్న రేడియేటర్ ఉంటుంది, అందులోకీ ఇంజిన్ నుంచే కూలెంట్ వెళ్తుంది. కొన్ని కార్లలో ఆ దారికి వాల్వ్ ఉంటుంది. నాబ్ నీలం వైపు ఉంటే వాల్వ్ మూసుకుని, అక్కడి గాలి అక్కడే ఉండిపోతుంది.

గాలి చిక్కితే నష్టం ఏమిటంటే, వాటర్ పంప్ ద్రవాన్ని తోయగలదు కానీ గాలిని తోయలేదు. థర్మోస్టాట్ కారును బట్టి సుమారు 82 నుంచి 90 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. చుట్టూ కూలెంట్ బదులు గాలి ఉంటే దానికి వేడి సరిగ్గా అందదు, ఆలస్యంగా తెరుచుకుంటుంది. టెంపరేచర్ సెన్సర్ గాలిలో ఉంటే అదీ తప్పు చూపిస్తుంది. ముల్లు మామూలుగానే ఉన్నా ఇంజిన్ లోపల మాడిపోతుండొచ్చు, నాకు అసలు భయం దాని గురించే.

నేను చేసిన పద్ధతి చెబుతాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి, రాత్రంతా ఆగితే మంచిది. వేడి మీద కూలెంట్ పోసే మూత తీయొద్దు, తీయనివ్వొద్దు. మూత సుమారు ఒక బార్ ఒత్తిడిని పట్టి ఉంచితే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, అవి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి.

కారు ముక్కు ఎత్తులో ఉండేలా వాలు మీద నిలపండి. నేను అపార్ట్‌మెంట్ ర్యాంప్ పైభాగంలో, ఆరుబయట నిలిపాను. సెల్లార్ లోపల ఇంజిన్ నడిపితే పొగ చేరి ప్రాణం మీదికి వస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. హీటర్ ఫుల్ హాట్, బ్లోయర్ తక్కువలో, ఏసీ ఆఫ్. ఏసీ ఆన్‌లో ఉంటే రేడియేటర్ ఫ్యాన్ దాని కోసమే తిరుగుతుంది, ఇంజిన్ వేడికి తిరిగిందో లేదో తెలియదు.

పాత మారుతి 800, ఆల్టో లాంటి వాటిలో మూత రేడియేటర్ మీదే ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలో లాంటి వాటిలో ఒత్తిడి పట్టే ట్యాంక్‌కు ఉంటుంది. మూత తీసి, కూలెంట్‌ను సన్నటి ధారగా, ఆగి ఆగి పోయండి. హడావుడిగా పోస్తేనే గాలి చిక్కుతుంది. థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గరో, హీటర్ పైపు మీదో బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) ఉంటే దాన్ని కొద్దిగా వదులు చేసి, బుడగలు ఆగి కూలెంట్ ధారగా వచ్చాక బిగించండి. చాలావాటికి ప్లాస్టిక్ స్క్రూలే, బలంగా తిప్పితే విరుగుతాయి.

తర్వాత మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదలండి. మట్టం తగ్గిన కొద్దీ పోస్తూ, గ్లవ్స్ వేసుకుని రేడియేటర్ పై పైపును ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా పట్టుకుని నెమ్మదిగా నొక్కి వదులుతుండండి. బుడగలు బయటికొస్తాయి. ఇది కూడా వేడెక్కక ముందే. కూలెంట్ పొంగడం మొదలవగానే మూత బిగించి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడవనివ్వండి. మధ్యలో కాసేపు 2000 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టండి. ముల్లు ఎరుపు వైపు పోతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. బ్లోయర్ నుంచి మంచి వేడి వచ్చి, కింది పైపు కూడా వెచ్చబడితే కూలెంట్ తిరుగుతున్నట్టే. పూర్తిగా చల్లారాక మట్టం చూసి నింపండి. మాకు మర్నాడు పొద్దున కూడా కొంచెం తగ్గింది, అది మామూలే.

కూలెంట్‌లో కలిపేందుకు డిస్టిల్డ్ వాటరే వాడండి. మన బోరు నీళ్ల ఉప్పు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుపోతుంది.

ఇంత చేశాక కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే పై పైపు రాయిలా గట్టిపడుతుంటే, హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాక్‌కూ, దాని మీది హెడ్‌కూ మధ్య ఉండే సీల్‌ను) అనుమానించండి. సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే ఎన్నిసార్లు గాలి తీసినా మళ్లీ చేరుతుంది. ఆ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందో లేదో చూసే బ్లాక్ టెస్ట్ చేయగల గ్యారేజీకి తీసుకెళ్లండి. పెట్రోల్ కారైతే గ్యాస్ తగలగానే ఆ పరీక్షలోని నీలం ద్రవం పసుపు రంగుకు మారుతుంది. అది తేలేదాకా కారును దూరప్రయాణాలకు తీయకండి.