సందేహాలు – సమాధానాలు: మోడో, మనిషో?

సందేహం: తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. 'స్కెప్టిసిజం' మీద తెలుగులో వ్యాసం రాయాలి. ఒక పుస్తకంలో సంశయవాదం అని, ఇంకోదానిలో సందేహవాదం అని ఉంది. ఒక పత్రికలో అజ్ఞేయవాదం అన్నారు. 'అనుమానవాదం' అయితే అందరికీ తెలుస్తుంది కదా అని నేను అలా రాస్తే మా అధ్యాపకురాలు ఎర్ర సిరాతో కొట్టేశారు. 'సందేహాస్పద తత్త్వవేత్తలు' అన్న మాట కింద కూడా గీత గీశారు. కారణం చెప్పలేదు. ఏది సరైనది?
– ఒక విద్యార్థిని, తార్నాక, హైదరాబాదు

సమాధానం: మీ అధ్యాపకురాలి ఎర్ర సిరా వృథా పోలేదు. రెండు చోట్లా ఆమెదే న్యాయం.

ముందు సులువైనది తేల్చుకుందాం. ఆస్పదం అంటే చోటు. సందేహానికి చోటిచ్చేది సందేహాస్పదం. 'అనుమానాస్పద స్థితిలో మృతి' అని పత్రికలు రోజూ రాస్తాయి. అక్కడ అనుమానపడేది పోలీసులు, పోయిన మనిషి కాదు. ఆ లెక్కన 'సందేహాస్పద తత్త్వవేత్త' అంటే సందేహించేవాడు కాదు, అసలు ఈయన తత్త్వవేత్తేనా అని మనం సందేహించవలసినవాడు. పట్టా తెప్పించి చూడవలసిన మనిషన్నమాట. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. 'ఆయన సందేహాస్పదంగా చూశాడు' అని కథల్లో కూడా కనబడుతోంది. 'సందేహంగా చూశాడు' అంటే సరిపోయేదానికి తోక తగిలిస్తే అర్థం తిరగబడింది.

ఇక అనుమానం. ఈ మాటకు తెలుగులో జరిగినది చిత్రమైన సంగతి. కొండ మీద పొగ కనిపించింది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది అని తెలుసుకోవడం సంస్కృతంలో అనుమానం. అంటే జ్ఞానం కలిగించే సాధనం, ప్రమాణం. 'తర్కసంగ్రహం' రాసిన అన్నంభట్టు తెలుగువాడే. 'కాశీకి వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు అయిపోడు' అని సామెత పుట్టించుకున్న పండితుడు. ఆయన పుస్తకంలో అనుమానం ఒకటి, సంశయం వేరొకటి. మన ఇళ్ళలో మాత్రం అనుమానం పెనుభూతం అయి కూర్చుంది. పొగను చూసి నిప్పును ఊహించేవాడు మొగుడి చొక్కా మీద వెంట్రుకను చూసి కూడా ఏదో ఊహిస్తాడు కదా, ఆ దారినే అర్థం జారి ఉంటుందని నా ఊహ. వాడుకలో ఇది తప్పు కాదు, నూటికి నూరుపాళ్ళు తెలుగు. అయితే మీ వ్యాసంలో మన దేశపు స్కెప్టిక్ జయరాశిభట్టు వస్తాడు. 'తత్త్వోపప్లవసింహం'లో ఆయన అనుమాన ప్రమాణాన్ని తుత్తునియలు చేశాడు. అప్పుడు మీరు 'అనుమానవాది అయిన జయరాశి అనుమానాన్ని ఖండించాడు' అని రాయవలసి వస్తుంది. చదివేవాడి గతి ఆలోచించండి.

మిగిలినవి సందేహం, సంశయం. రెండూ సంస్కృతమే. సందేహంలో ఉన్నది 'దిహ్' ధాతువు, పూయడం, మెత్తడం అని అర్థం. దేహం అన్న మాటా అందులోనుంచే వచ్చింది, సందిగ్ధం దీని తోబుట్టువు. రెండు రంగులు కలిపి పులిమితే ఏది ఏదో తెలియకపోవడం సందేహం. సంశయంలో ఉన్నది 'శీ' ధాతువు, పడుకోవడం. శయనం, శయ్య దీని సంతానమే. నిద్ర పట్టని రాత్రి అటొకసారి ఇటొకసారి పొర్లుతామే, అది సంశయం. వాడుకలోనూ సన్నని తేడా ఉంది. సందేహం తీరేది. ఎవరినో ఒకరిని అడిగి తీర్చుకుంటాం, ఈ శీర్షిక నడిచేది అందుకే. సంశయం చేతిని వెనక్కి లాగేది. 'అప్పు అడగడానికి సందేహించాడు' అన్నా తెలుస్తుంది గాని, 'సంశయించాడు' అన్నప్పుడు చాచబోయిన చెయ్యి సగంలో ఆగడం కనిపిస్తుంది.

ఆ ఆగడమే గ్రీకులకు ముఖ్యం. అక్కడికి వస్తాను. ఈలోగా ఒక పొద్దుటి ముచ్చట.

పోయిన డిసెంబరులో బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కులో నడుస్తున్నాం. మంచు దట్టంగా ఉంది. నా వెంట నడిచే మిత్రుడు బ్యాంకులో పనిచేసి విరమించినవాడు, శాస్త్రగ్రంథాల జోలికి పోయినవాడు కాదు. ఉన్నట్టుండి ఆగి, "అక్కడెవరో కదలకుండా నిలబడ్డారు చూడండి మాస్టారూ" అన్నాడు. "మనిషేనంటారా?" అన్నాను. "మోడో, మనిషో! దగ్గరికి వెళ్ళి చూస్తే సరి" అన్నాడు. వెళ్ళి చూశాం. కొమ్మలు నరికేసిన చెట్టు. ఎవరో మెడకు చుట్టుకునే మఫ్లరు దానికి తగిలించి పక్కన గుంజీలు తీస్తున్నారు. మఫ్లరు ఆయనది, భుజాలు చెట్టువి, మనిషిని చేసింది మేము.

నైయాయికులు, అంటే న్యాయదర్శనానికి చెందిన తార్కికులు, సంశయానికి శతాబ్దాలుగా చెబుతున్న ఉదాహరణ సరిగ్గా ఇదే: 'స్థాణుర్వా పురుషో వా'. స్థాణువు అంటే మోడు. సంస్కృతం రెండు 'వా'లు పెట్టి చెప్పినదాన్ని మా మిత్రుడు రెండు 'ఓ'లతో చెప్పాడు. గౌతముడి న్యాయసూత్రాలు లెక్కపెట్టిన పదహారు పదార్థాల్లో, అంటే విచారించవలసిన అంశాల్లో, సంశయం మూడోది, ప్రమాణం, ప్రమేయం (తెలుసుకోవలసిన వస్తువు) తరవాత వెంటనే దానిదే స్థానం. అసలు తెలియని సంగతిలోనూ తేలిపోయిన సంగతిలోనూ తర్కానికి పని లేదు, సంశయం ఉన్నచోటే దానికి పని అని భాష్యకారుడు వాత్స్యాయనుడు అన్నాడు. 'సంశయాత్మా వినశ్యతి' అని గీత ఉంది కదా అంటారేమో. అది యుద్ధభూమిలో విల్లు కింద పెట్టిన మనిషికి చెప్పిన మాట, వ్యాసం రాసే విద్యార్థినికి కాదు.

ఇప్పుడు గ్రీకు. 'స్కెప్సిస్' అంటే పరికించి చూడడం, విచారించడం. స్కెప్టిక్ అంటే మొదట అర్థం శంకించేవాడు కాదు, వెతికేవాడు. 'దగ్గరికి వెళ్ళి చూస్తే సరి' అన్నవాడన్నమాట. క్రీస్తు శకం 2వ శతాబ్దం ప్రాంతంలో సెక్స్టస్ ఎంపిరికస్ అనే వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు. వెతికేవాళ్ళు మూడు రకాలట. దొరికిందనేవాళ్ళు, అది దొరకదనేవాళ్ళు, ఇంకా వెతుకుతున్నవాళ్ళు. మూడోవాళ్ళే స్కెప్టిక్కులు. మీరు చూసిన పత్రికలోని అజ్ఞేయవాదం ఇక్కడ కుదరదు. 'అజ్ఞేయం' అంటే తెలుసుకోవడం సాధ్యం కానిది. ఆ మాట రెండో రకంవాళ్ళ వైపు మొగ్గుతుంది. పైగా దేవుడి విషయంలో 1869లో హక్స్‌లీ కల్పించిన 'అగ్నాస్టిక్' అన్న ఇంగ్లీషు మాటకు అది ఇప్పటికే స్థిరపడిపోయింది. నాస్తికవాదం, హేతువాదం కూడా ఈ గూటివి కావు. దేవుడు లేడని తేల్చేసినవాడు సెక్స్టస్ లెక్కలో మొదటి రకం.

నైయాయికుడికీ ఈ వైద్యుడికీ ఒక పెద్ద తేడా ఉంది, మీ వ్యాసంలో అది రావాలి. న్యాయదర్శనంలో సంశయం మెట్టు మాత్రమే. దానిమీదుగా వెళ్ళి తొమ్మిదో పదార్థమైన నిర్ణయాన్ని చేరాలి. మంచు విడిపోవాలి. సెక్స్టస్ వర్గానికి మంచు విడిపోదు. ఇరుపక్కల వాదనలూ సమానంగా తూగుతుంటే ఏ పక్కకూ ఒరగకుండా ఆగుతారు. ఆ ఆగడాన్ని 'ఎపొకే' అన్నారు. ఆగితే మనసు కుదుటపడుతుందన్నారు. అలాగని ఇంట్లో కూర్చోరు, కనబడినదాన్ని బట్టి, ఊరి ఆచారాన్ని బట్టి బతుకు సాగిస్తారు. ఎపొకేను 'నాన్చడం' అని మాత్రం రాయకండి. తేల్చడం ఇష్టం లేనివాడు నాన్చుతాడు, దస్త్రం బల్ల మీదే ఉంటుంది. ఇది 'తేల్చకుండా ఉంచడం'.

ఇంతకీ సంశయవాదమే రాయమంటున్నాను. అయితే అందులోని 'వాదం' నాకు పంటి కింద రాయి. తమది సిద్ధాంతం కాదు, ఒక సామర్థ్యం మాత్రమే అని సెక్స్టస్ మొత్తుకున్నాడు. 'ఏదీ తేల్చను' అన్న మాటను కూడా తేల్చి చెప్పినట్టు తీసుకోవద్దన్నాడు. వైద్యుడు కదా, విరేచనం మందును పోలిక తెచ్చాడు. అది కడుపులోని చెడుగుతో పాటు తానూ బయటికి పోతుంది. ఆముదం తాగి పెరిగిన తరానికి ఇంకే వివరణా అక్కర్లేదు.

మన దగ్గరా ఇదే చిక్కు. ఎదుటివాడి పక్షాన్ని ఖండించి తన పక్షాన్ని నిలబెట్టకపోవడాన్ని న్యాయసూత్రాలు 'వితండ' అన్నాయి. అది కథలో (శాస్త్రంలో కథ అంటే చర్చ) ఒక రకం, మంచి పేరేమీ లేదు. తెలుగులో వితండవాదం అంటే ఇప్పుడు మొండివాదన. హైదరాబాదు కుళాయిల్లోకి కృష్ణ నీళ్ళు పంపే జలాశయానికి ఎవరి పేరు పెట్టారో ఆ నాగార్జునుణ్ణీ, 12వ శతాబ్దపు శ్రీహర్షుణ్ణీ వైతండికులనే అన్నారు. 'నాస్తి చ మమ ప్రతిజ్ఞా' అన్నాడు నాగార్జునుడు. ప్రతిజ్ఞ అంటే అక్కడ నిరూపించబూనిన ప్రతిపాదన. తెలుగు అర్థంతో చదివితే ఆయన బడి ప్రార్థనలో ప్రతిజ్ఞ ఎగ్గొట్టినట్టుంటుంది. అనుమానం, వితండం, ప్రతిజ్ఞ – తర్కశాస్త్రం నుంచి తెచ్చుకున్న ఇలాంటి మాటలకు మనం ఇంటిపేరు మార్చేశాం. సంశయం మాత్రం దాదాపు పాత అర్థంతో మిగిలింది. నేను దానివైపు మొగ్గడానికి అసలు కారణం అదే.

మీకు పనికొచ్చే చిన్న జాగ్రత్తలు రెండు. గ్రీకు సంశయవాదంలో రెండు శాఖలున్నాయి. పిర్రో అనే గ్రీకు తత్త్వవేత్త పేరుతో సాగిన సంప్రదాయాన్ని, సెక్స్టస్ వర్గానిదాన్ని, 'పిర్రోనీయ సంశయవాదం' అనండి. ఆయన అలెగ్జాండరు వెంట మన దేశానికి వచ్చి దిగంబర సాధువులను కలిశాడని పాత జీవితచరిత్ర చెబుతుంది. రెండో శాఖను, ప్లేటో పెట్టిన విద్యాపీఠంలో సాగినదాన్ని, ఉత్త 'అకాడమీ సంశయవాదం' అంటే మన ఊరివాళ్ళు హిమాయత్‌నగర్‌లోని తెలుగు అకాడమీ వైపు చూస్తారు, 'ప్లేటో అకాడమీ' అని పూర్తిగా రాయండి. ఇక 1641లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ మొదలుపెట్టిన ప్రశ్న వేరు. తన చేతులూ దేహమూ నిజమేనా అన్నంత దూరం ఆయన వెళ్ళాడు. 1562లో సెక్స్టస్ పుస్తకం లాటిన్‌లో అచ్చు కావడం యూరపులో ఇలాంటి ఆలోచనలకు ఎలా దారి తీసిందో 1960లో రిచర్డ్ పాప్‌కిన్ రాసిన చరిత్రతో పండితుల దృష్టి అటు మళ్ళింది. రెండింటినీ ఒకే మాటతో కట్టేయకుండా 'ప్రాచీన', 'ఆధునిక' అని చేర్చుకోవడం మేలు.

చివరికి ఒకటి. 'ఊ మాల్లాన్' అని ఆ గ్రీకుల ఊతపదం ఉంది, ఇది దానికంటే ఎక్కువేమీ కాదు అని దాని భావం. దీన్ని 'సమాన సంభావ్యతా సూత్రం' వంటి ఇనప గుగ్గిళ్ళతో అనువదించకండి. మా మిత్రుడి 'ఓ' ఉంది కదా. 'అదెంతో ఇదీ అంతే' అని రాయండి. దాని మీద ఎర్ర సిరా పడితే ఆ కాగితం నాకు పంపండి, మీ అధ్యాపకురాలికి నేనే జాబు రాస్తాను.