టెక్ సందేహాలు: ఐదారేళ్ల గేమింగ్ పీసీ... మొత్తం మార్చాలా?

ప్రశ్న: 2020 లాక్‌డౌన్‌లో కొన్నాను. రైజెన్ 5 3600, జీటీఎక్స్ 1660 సూపర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, బీ450 బోర్డు, 1080పీ మానిటర్. కొత్త గేములు నత్తనడక నడుస్తున్నాయి. ఇప్పుడే కొత్త పీసీ బిల్డ్ చేయించుకోవాలా, ర్యామ్ ధరలు తగ్గేదాకా ఆగాలా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మొత్తం మార్చొద్దండి. గ్రాఫిక్స్ కార్డు మారిస్తే చాలు, అదీ ఒక చిన్న పరీక్ష చేశాకే.

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. దాంతో వచ్చే రివాట్యూనర్ కూడా వేసుకుని జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, సెకనుకు వచ్చే ఫ్రేములు, టెంపరేచర్ స్క్రీన్ మూలన కనపడేలా పెట్టుకోండి. వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ఆపేసి, గేము ఎక్కడ మొరాయిస్తుందో సరిగ్గా అక్కడికే వెళ్లి పది నిమిషాలు ఆడండి. జీపీయూ వాడకం 97, 98, 99 శాతం దగ్గరే అతుక్కుపోతే కార్డు చేతులెత్తేసినట్టు. అదే 60, 70 శాతం మధ్య ఊగుతూ, గేము సెట్టింగులన్నీ బాగా తగ్గించినా ఫ్రేములు పెరగకపోతే ప్రాసెసర్ అందుకోలేకపోతున్నట్టు. మీ పీసీలో దాదాపు కార్డే అని తేలుతుంది.

టెంపరేచర్ కూడా చూడమన్నది ఊరికే కాదు. పోయిన వేసవిలో మా ఇంటి పీసీ ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటుతుంటే కొత్తది కొనాల్సిందేనేమో అని టెన్షన్ పడ్డాను. తీరా క్యాబినెట్ తెరిస్తే హీట్‌సింక్ మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది, థర్మల్ పేస్టు సుద్దలా ఎండి గోటికి రాలుతోంది. శుభ్రం చేసి కొత్త పేస్టు రాస్తే 20 డిగ్రీలు దిగింది.

ఇక ధరల సంగతి. 2025 చివరి నుంచి ర్యామ్ కొండెక్కింది. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ తమ సరుకును ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లిస్తున్నాయి. మైక్రాన్ అయితే మనలాంటి వాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. మీరు ఏఎండీ కొత్త తరం ఏఎం5 బోర్డుకి వెళ్తే ప్రాసెసర్, బోర్డుతో పాటు డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి, ఉన్న డీడీఆర్4 అందులో పనికిరాదు. చేతిలో 16 జీబీ ఉంచుకుని ఈ ధరలో మళ్లీ కొనడం నాకు మనసొప్పదు. ఎప్పుడు తగ్గుతాయా అని చూస్తూ ఆటలు మానుకోవడం కూడా అనవసరం.

ఏ కార్డంటే, నా ఓటు 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి. మీ 1660 సూపర్‌కి వీడియో మెమరీ 6 జీబీయే, పైగా రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా చూపే పద్ధతి) హార్డ్‌వేర్ లేదు. 2025లో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్ గేముకి ఆ హార్డ్‌వేర్ తప్పనిసరి. మీ బోర్డులో కార్డు పెట్టే స్లాటు పాత తరం పీసీఐఈ 3.0 కదా, ఆర్‌టీఎక్స్ 5060 లాంటివి 8 లేన్లే (డేటా వెళ్లే దారులు) వాడతాయి కాబట్టి దానిమీద కొంత వేగం కోల్పోతాయి, వీడియో మెమరీ నిండినప్పుడు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 9060 ఎక్స్‌టీ 16 లేన్లూ వాడుకుంటుంది. కరెంటు 160 వాట్లు, మీ పాతది 125. ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) ఏదో క్యాబినెట్‌తో పాటు ఇచ్చిందైతే మాత్రం మంచి కంపెనీది 550 వాట్లది వేయించండి, అక్కడ కక్కుర్తి వద్దు.

పూర్తిగా కొత్తది ఎవరికి అవసరమంటే, ఇంకా డీడీఆర్3తో నాలుగో తరం ఐ5 మీద ఆడుతున్నవాళ్లకి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఆ ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. మీ 3600 ఉంది.

కార్డు మార్చాక కూడా ప్రాసెసర్ వెనకబడితే అదే బోర్డులో రైజెన్ 7 5700ఎక్స్ పెట్టుకోవచ్చు. పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, యూపీఎస్ మీద పెట్టి మరీ చేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది.