కాలనీ కుర్రాళ్ళు దొంగను కట్టేస్తే కేసు ఎవరి మీద?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారులో ఒక కాలనీ. రెండు నెలల్లో రెండు ఇళ్ళలో దొంగలు పడ్డారు. ఒకాయన స్టేషన్‌కు వెళ్తే పిటిషన్ తీసుకున్నారు, ఎఫ్ఐఆర్ మాత్రం కట్టలేదు. అప్పటి నుంచి పది మందిమి రాత్రిళ్ళు గస్తీ తిరుగుతున్నాం. మొన్న రాత్రి ఒంటి గంటకు బండ్ల దగ్గర ఒకబ్బాయి పైపు, ఖాళీ సీసాతో దొరికాడు. మావాళ్ళు ఇద్దరు రెండు దెబ్బలు వేశారు. స్తంభానికి కట్టేసి, ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టాం. స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారని పోలీసులకు చెప్పలేదు. పొద్దున ఎనిమిదికి క్షమాపణ రాయించుకుని వదిలేశాం. ఇంటర్ చదివే పిల్లాడట. ఇప్పుడు వాళ్ళ నాన్న మా మీదే కేసు పెడతానంటున్నాడు. దొంగను పట్టుకోవడం కూడా నేరమేనా? అసలు ఎప్పుడు పోలీసులను పిలవాలి?
– కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: పట్టుకోవడం నేరం కాదు. పట్టుకున్నాక మీరు చేసిన పనులతోనే చిక్కొచ్చింది. ఉన్నమాట చెప్పాలంటే, ఆ అబ్బాయి మీద మీరు పెట్టగల కేసు కంటే మీ మీద వాళ్ళ నాన్న పెట్టగల కేసే గట్టిది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, దర్యాప్తు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం) 40వ సెక్షన్ మామూలు మనిషికీ అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. కాకపోతే నేరం మీ కళ్ళెదుట జరగాలి. అది వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేదీ, హక్కుగా బెయిలు దొరకనిదీ అయ్యుండాలి. పట్టుకున్న మనిషిని అనవసరంగా ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల లోపు, పోలీసులకు అప్పగించాలి. ఆ ఆరు గంటల గడువు పాత చట్టంలో లేదు, కొత్తగా వచ్చింది.

ఇప్పుడు మీ సంగతి చూద్దాం. అతను పెట్రోలు తీస్తుండగా ఎవరైనా చూశారా? మీరు రాసిన దాన్నిబట్టి పైపు, సీసా మాత్రమే కనిపించాయి. పోనీ తీశాడే అనుకుందాం. రెండు మూడు లీటర్ల పెట్రోలు విలువ ఐదు వేలు దాటదు కదా. భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షలు చెప్పే చట్టం) 303వ సెక్షన్ కింద, ఐదు వేల లోపు దొంగతనం మొదటిసారి చేసినవాడు సొత్తు తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. అలాంటి కేసులో కోర్టు ఉత్తర్వు లేకుండా పోలీసులే అరెస్టు చేయలేరు, ఇక మీరెలా చేస్తారు? పైగా ఒంటి గంట నుంచి ఎనిమిది దాకా అంటే ఏడు గంటలు. చివరికి అప్పగించనూ లేదు.

కట్టేసి ఉంచడం అక్రమ నిర్బంధం, అదే న్యాయ సంహితలో 127వ సెక్షన్. ఏడాది దాకా జైలు పడొచ్చు. రెండు దెబ్బలకు 115వ సెక్షన్. కొట్టింది ఇద్దరే అన్నా లాభం లేదు, ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఉన్న గుంపు ఒకే ఉద్దేశంతో చేసిందంటే పక్కన నిలబడ్డవాళ్ళ పేర్లూ కేసులో చేరతాయి. రాయించుకున్న క్షమాపణ మీకు రక్షణ అనుకుంటున్నారేమో. కట్టేసి రాయించిన కాగితానికి కోర్టులో విలువ లేదు. ఆ రాత్రి అతను మీ చేతుల్లో ఉన్నాడని మాత్రం అదే సాక్ష్యం చెబుతుంది.

ఇక ఫొటో. అతనికి 18 నిండకపోతే, నేరారోపణ ఉన్న మైనరు ఎవరో తెలిసేలా ఫొటో, పేరు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. మా గ్రూపులోనే పెట్టాం అంటారు కానీ, వాట్సాప్‌లో పెట్టింది ఎక్కడ ఆగుతుంది చెప్పండి? 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకారు నమ్మి, చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. మీ కుర్రాళ్ళను వాళ్ళతో పోల్చడం లేదు. కానీ ఆ రాత్రి ఇంకో పది మంది నిద్ర లేచి వచ్చుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మీ కోపం అర్థమవుతుంది. ఇల్లు దోచినవాళ్ళ మీద ఎఫ్ఐఆరే కట్టకపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. దానికి దారి వేరే ఉంది. ఇలాంటి నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం మా పరిధి కాదు అనడానికీ వీల్లేదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. కట్టకపోతే, స్టేషన్‌కు వెళ్ళిన మీ కాలనీ ఆయన్ను అదే ఫిర్యాదు రిజిస్టర్డ్ పోస్టులో డీసీపీకి పంపమనండి, జిల్లాల్లో అయితే ఎస్పీకి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేయవచ్చు. నా అనుభవంలో పోస్టు రసీదు చేతిలో ఉంటే చాలాసార్లు కోర్టు దాకా వెళ్ళనక్కర్లేదు.

ఎప్పుడు పిలవాలంటారా? జరుగుతున్నదాన్ని, జరగబోతోందని అనిపించినదాన్ని వెంటనే 100కు గానీ 112కు గానీ చెప్పండి. రుజువులు అక్కర్లేదు. మనిషి ఎలా ఉన్నాడు, బండి నంబరు, ఎటు వెళ్ళాడు, ఇవి చాలు. అనుమానం తప్పని తేలినా మీ మీద కేసు ఉండదు, కావాలని అబద్ధం చెబితేనే న్యాయ సంహిత 217వ సెక్షన్ వస్తుంది. రాత్రి పది దాటాక లౌడ్ స్పీకర్ మోగితే అదీ పోలీసుల పనే. పార్కింగ్ గొడవ సంఘంలో తేల్చుకోండి, కొట్టుకునేదాకా వస్తే ఫోన్ చేయండి. గోడ హద్దుల తగాదా సివిల్ కోర్టుది. దాన్ని ఎస్ఐ గారు సెటిల్ చేస్తారని స్టేషన్‌కు వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

స్టేషన్ చుట్టూ తిరగాలన్న టెన్షన్ కూడా అందరికీ అక్కర్లేదు. సాక్షిగా విచారించడానికి మహిళలను, 60 దాటిన మగవారిని వాళ్ళుండే చోటికే వచ్చి అడగాలని నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది.

గస్తీ మానమని నేను అనను. మీ ప్రాంతం చూసే సెక్టార్ ఎస్ఐని కలిసి తిరిగేవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వండి. టార్చి, విజిల్, ఫోన్ చాలు. కర్రలు వద్దు. అనుమానితుడు కనిపిస్తే లైటు వేసి, విజిల్ ఊది, పోలీసులు వచ్చేదాకా దూరం నుంచే గమనించండి. పేరడగొచ్చు, జేబులు వెతకొద్దు. ఊరెళ్ళే ఇళ్ళ వివరాలు ముందే స్టేషన్‌లో చెప్పించండి.

ఇప్పుడు తక్షణం చేయాల్సింది. ఆ ఫొటోను అందరి చేతా గ్రూపుల్లోంచి తీసేయించండి. ఆ తండ్రి దగ్గరికి గుంపుగా వెళ్ళొద్దు, బెదిరించొద్దు. 115, 127 సెక్షన్ల కేసులు రాజీ పడదగ్గవే. అబ్బాయి మైనరయితే కోర్టు అనుమతితో అతని తరఫున తండ్రి రాజీకి ఒప్పుకోవచ్చు, ఆ మాట లాయరు ద్వారా నడపండి. ఆ రాత్రి సీసీ కెమెరా ఫుటేజీ మీకు వ్యతిరేకంగా కనిపించినా చెరపకండి, అది ఇంకో నేరమవుతుంది. కొన్నాళ్ళకు పాతది దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి, ఈ వారంలోనే కాపీ తీయించి లాయరు చేతికివ్వండి.