‘ప. లో.’ అని రాసుకున్న మనిషి

ప్రశ్న: మా నాన్నగారు 1970లో ఒక బ్యాంకులో క్లర్కుగా చేరి, 2008లో మేనేజరుగా రిటైరయ్యారు. పోయిన కార్తీకంలో కాలం చేశారు. వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజు పంచడానికి చిన్న పుస్తకం వేద్దామని అన్నయ్య అంటున్నాడు. రాద్దామని కూర్చుంటే ‘సేవాతత్పరులు, ఆదర్శ కుటుంబీకులు’ దాటి పెన్ను కదలడం లేదు. ఆయన బీరువాలో మూడు రూళ్ళ నోటుబుక్కులు దొరికాయి. నిండా వీధిలోవాళ్ళ పేర్లు, అకౌంటు నంబర్లు. చాలా పేర్ల పక్కన ‘ప. లో.’ అని ఉంది. 2010 తర్వాత ఆ గుర్తు ఎక్కడా లేదు. అదేమిటో మాకు అర్థం కాలేదు. ఇంకొక సంగతి. “మీ నాన్న ఊరందరి మనిషి, మనకి మిగిలింది ఆదివారం మధ్యాహ్నాలే” అని అమ్మ అంటూ ఉంటుంది. అది పుస్తకంలో రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ‘ప. లో.’ దగ్గర ఆగిపోయాను. 34 ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్ని కాబట్టి చూడగానే తెలిసింది. అది ‘పదో తారీకు లోపల’.

అప్పట్లో సేవింగ్స్ ఖాతాకి వడ్డీ కట్టే పద్ధతి వేరు. నెలలో పదో తారీకు నుంచి ఆఖరి తారీకు దాకా ఖాతాలో అన్నిటికన్నా తక్కువ ఎంత ఉందో చూసి, ఆ మొత్తానికే ఆ నెల వడ్డీ ఇచ్చేవాళ్ళం. పూలమ్మే ఆవిడ పన్నెండో తారీకున 5,000 తెచ్చి వేసిందనుకోండి, ఆ నెలకి దాని మీద పైసా రాదు. అదే డబ్బు తొమ్మిదిన వేసి నెలాఖరు దాకా కదపకపోతే, మూడున్నర శాతం లెక్కన పద్నాలుగున్నర రూపాయలు. 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వకి ఆ రోజే వడ్డీ లెక్కకట్టడం మొదలైంది. ఇక ఆ గుర్తు అవసరం తీరిపోయింది.

ఈ సంగతి మేం అందరికీ చెప్పేవాళ్ళం కాదు. ఎదురుగా క్యూ, టోకెన్ల పిలుపులు, సాయంత్రానికి లెడ్జరు టాలీ కాకపోతే ఇల్లు చేరలేమన్న టెన్షన్. అడిగినవాళ్ళకి చెప్పేవాళ్ళం, అంతే. మీ నాన్నగారు అడగనివాళ్ళకీ చెప్పారు. వాళ్ళు మరిచిపోతారని పేరు రాసుకుని, మళ్ళీ గుర్తుచేశారు. రిటైరయ్యాక కూడా రెండేళ్ళు! పద్నాలుగున్నర రూపాయల కోసం ఒకరి పేరు రాసిపెట్టుకున్న మనిషి ఆయన. మీ పుస్తకంలో మొదటి పేజీ ఇదే కావాలి. ‘సేవాతత్పరులు’ కొట్టెయ్యండి.

ఆ పేర్లలో ఇంకా పెరంబూరులో ఉన్నవాళ్ళ ఇళ్ళకి మీరూ అన్నయ్యా వెళ్ళండి. నాన్నగారు ఎలాంటివారని అడగకండి. మంచివారంటారు, మాట అక్కడితో అయిపోతుంది. మొదటిసారి ఏ పని మీద ఆయన దగ్గరికి వచ్చారు, ఆయన ఏం రాసిపెట్టారు, ఎక్కడ కూర్చోబెట్టారు అని అడగండి.

అలా అడిగితే ఎలాంటి సంగతులు దొరుకుతాయో చెబుతాను. మా బాబాయి కూడా బ్యాంకు మనిషే. 2015 డిసెంబరు వరదల్లో వెస్ట్ మాంబళంలో మా వీధిలోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక ఆయన మెట్ల కింద బెంచీ వేసుకుని కూర్చున్నారు. జనం తడిసిన పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ రసీదులు గుడ్డలో చుట్టుకుని తెచ్చేవాళ్ళు. చేత్తో లాగితే చిరుగుతాయని, అతుక్కున్న పేజీల మధ్యకి స్టీలు స్కేలు మెల్లగా పోనిచ్చేవారు. విడివడిన పేజీకీ పేజీకీ నడుమ న్యూస్‌పేపరు ముక్క. సిరా అలుక్కుపోయినచోట అంకెల్ని భూతద్దం పెట్టి చదివి, డూప్లికేటు కోసం అర్జీ రాసిచ్చేవారు. అర్జీ మొదలుపెట్టే ముందు అందరినీ ఒకటే అడిగేవారు, “ఇవాళ ఇంట్లో పొయ్యి వెలిగిందా?” అని. లేదంటే మా పిన్ని లోపల్నుంచి సాంబారన్నం తెచ్చేది.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. తప్పకుండా రాయండి. ఆవిడ మాటగానే వేయండి, పక్కన సమర్థింపు ఏమీ వద్దు. మార్చి 31 రాత్రి బ్యాంకులో ఏడాది లెక్కల క్లోజింగు ముగించుకుని భర్త ఎప్పుడొస్తాడో తెలియక, కంచం మూతపెట్టి కూర్చున్న ఆడవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. మా పిన్ని కూడా, “అర్జీలు ఆయన రాశారు, అన్నం నేను వండాను” అనేది. ఆ లెక్క సరైనదే. ఆ ఆదివారం మధ్యాహ్నాల్లో నాన్నగారు ఏం చేసేవారో ఆవిడనే కూర్చోబెట్టి అడగండి. మీ స్కూలు పుస్తకాలకి అట్టలు వేసేవారా, అమ్మగారితో మార్కెట్టుకి వెళ్ళేవారా, పేపరు మొహాన కప్పుకుని నిద్రపోయేవారా? ఏదైనా ఉన్నదున్నట్టు రాయండి. ‘ఆదర్శ కుటుంబీకులు’ ఉండాల్సిన చోట అది ఉండాలి.

ఒక జాగ్రత్త. నోటుబుక్కు పేజీ ఫొటో పుస్తకంలో వేయాలనిపిస్తుంది. పేర్లు, అకౌంటు నంబర్ల మీద కాగితం కప్పి ఫొటో తీయండి. ఒకరి ఖాతా సంగతి ఇంకొకరికి తెలియనివ్వకపోవడం మా వృత్తిలో మొదటి పాఠం. ఆయన ఉంటే ఇదే చెప్పేవారు.

మీ అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ వస్తూంటే, పెన్షన్ తీసుకునే మనిషి ఉన్నారని ఏటా చూపే లైఫ్ సర్టిఫికెట్ ఈ నవంబరులో ఆవిడ పేరున ఇవ్వాలి. పక్కన ఆయన లేకుండా ఆవిడకి ఇదే మొదటిసారి కదా, మరిచిపోకండి. మీ పెరంబూరు నిండా రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లోనూ రైల్వేలోనూ చేసి రిటైరైనవాళ్ళే. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లలో 80 దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇవ్వచ్చు. ఆ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్లోనే ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది. వేలిముద్ర పడని పెద్దవాళ్ళకి ఇప్పుడు ఫోన్లో మొహం చూపించినా సరిపోతుంది. కానీ ఆ ఫోను పట్టుకుని, కంగారు పడకండి అంటూ పక్కన కూర్చునే మనిషి కావాలి. సంవత్సరీకం అయ్యాక ఒక పూట మీరు వాళ్ళ పక్కన అలా కూర్చోండి. అమ్మగారి పని మొదట చేయండి.

ఏ రోజు కూర్చుంటారో నాకు రాయండి. మాంబళంలో లోకల్ ఎక్కి పార్క్ స్టేషన్లో దిగి, రోడ్డు దాటి పెరంబూరు బండి పట్టుకుంటాను. పెన్నూ కళ్ళద్దాలూ నావి నేను తెచ్చుకుంటాను.